లేని మాటను విన్నట్టు అనిపించే జాబితా: తెలుగులో ఎలా తయారు చేయాలి, ఎలా చదవాలి

మీగడ, జున్ను, డెయిరీ, గేదె, పెరుగు, పితకడం, తోడు, వెన్న, దూడ, ప్యాకెట్, పొంగు, కాఫీ.

ఈ పన్నెండు మాటల్నీ ఒక గది నిండా ఉన్న జనానికి నింపాదిగా చదివి వినిపించండి. వెంటనే కాగితాలిచ్చి, గుర్తున్నవన్నీ రాయమనండి. రాసినవాళ్లలో కొందరి కాగితాల్లో ‘పాలు’ కనిపిస్తుంది. మీరు ఆ మాట చదవనే లేదు. ఆ సంగతి చెబితే నమ్మరు సరికదా, ‘వెన్న తర్వాతే చదివారు, నేను విన్నాను’ అని మీతో వాదనకు దిగేవాళ్లూ ఉంటారు.

దీన్ని ప్రయోగం చేసి చూపించింది జేమ్స్ డీస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, 1959లో. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1995లో హెన్రీ రోడిగర్, క్యాథ్లీన్ మెక్‌డెర్మాట్ దాన్ని మళ్లీ బయటికి తీశారు. వాళ్ల మొదటి ప్రయోగంలో, చదవని మాటను విద్యార్థులు గుర్తుచేసుకుని రాసిన సందర్భాలు సుమారు 40 శాతం. పదిహేనేసి మాటల జాబితాలతో చేసిన రెండో ప్రయోగంలో అది 55 శాతం. ఈ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దీన్ని డీఆర్‌ఎం పద్ధతి అంటారు.

వాళ్ల జాబితాలు ఇంగ్లిష్‌వి. వాటిని తెలుగులోకి మార్చి చదివితే సరిపోతుందనుకుంటే పని చెడుతుంది. ఒక మాట వినగానే ఏ మాట తడుతుందన్నది భాషను బట్టి, ఊరిని బట్టి మారుతుంది. విజయవాడలోనో గుంటూరులోనో క్లాసులో, బీఎడ్ ప్రాక్టికల్‌లో, స్కూల్ సైన్స్ ఫెయిర్‌లో, పండక్కి అందరూ చేరిన ఇంట్లో దీన్ని చేయాలంటే జాబితా మీరే కట్టుకోవాలి. కష్టమంతా అక్కడే ఉంది. చదవడం, లెక్కపెట్టడం తేలిక.

ముందు ఎరను ఎంచుకోండి

చదవకుండా దాచిపెట్టే మాటను ఇక్కడ ‘ఎర’ అందాం. పై జాబితాలో ఎర ‘పాలు’. అది అందరూ రోజూ వాడే చిన్న మాట అయి ఉండాలి. దానికి ఇంకో పేరు లేకపోతే మరీ మంచిది.

ఈ షరతును తేలిగ్గా తీసుకోకండి. బ్యారేజీ, ఘాట్, పడవ, ఇసుక, వరద, ఒడ్డు, పుష్కరం, స్నానం అని చదివితే ‘నది’ వస్తుందని మీరు అనుకుంటారు. విజయవాడలో అయితే సగం మంది ‘కృష్ణ’ అని రాసే వీలుంది. అప్పుడు ఎర రెండు ముక్కలవుతుంది. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో మీకే తెలియదు.

గుంటూరులో ‘మిరపకాయ’ను ఎరగా పెట్టాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. పెట్టుకోండి. యార్డు, టిక్కీ, తేజ, ఘాటు, తొడిమ, కల్లం, ఎరుపు, బజ్జీ, తుమ్ము, గింజలు, కోల్డ్ స్టోరేజి, దంచడం. యార్డు అంటే మిర్చి మార్కెట్, టిక్కీ అంటే మిర్చి బస్తా, తేజ ఒక మిర్చి రకం కాబట్టి అక్కడి చెవికి ఇది గట్టి జాబితా. ఇదే శ్రీకాకుళంలో చదివితే యార్డు అంటే రైల్వే యార్డు, తేజ అంటే పక్కింటి కుర్రాడు అయిపోవచ్చు. గుంటూరులోనే చేసినా ‘మిర్చి’, ‘మిరప’, ‘మిరపకాయ’ మూడింటినీ ఒకటిగా లెక్కేస్తామని, ‘కారం’ రాస్తే లెక్కలోకి తీసుకోమని ముందే ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫలితాలు చూశాక నిర్ణయిస్తే మనకు కావలసిన వైపే లెక్క మొగ్గుతుంది.

మాటల్ని వెనక నుంచి ముందుకు అడగండి

ఎక్కువ మంది ఇక్కడే దారి తప్పుతారు. ‘పాలు అనగానే ఏం గుర్తొస్తుంది?’ అని పదిమందిని అడిగి, వచ్చిన మాటలతో జాబితా కట్టేస్తారు. ‘తెలుపు’ అని చాలామంది అంటారు కదా అని దాన్నీ చేరుస్తారు. కానీ జాబితా చదివేటప్పుడు వినేవాడి చెవిన పడేది ‘తెలుపు’. అది విన్నవాడికి తట్టేది ‘నలుపు’. పాల నుంచి తెలుపుకు దారి ఉంది. తెలుపు నుంచి పాలకు తిరిగి రావడానికి అంత దారి లేదు. ఎర ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పే అన్నిటికంటే మంచి గుర్తు ఈ తిరుగుదారి బలమేనని పరిశోధకులు మళ్లీ మళ్లీ చూశారు.

కాబట్టి ‘పాలు’ నుంచి వచ్చిన మాటల్ని ముడిసరుకుగా మాత్రమే తీసుకోండి. ఇరవై, పాతిక మాటలు పోగయ్యాక వేరే మనుషుల దగ్గరికి వెళ్లండి. వీళ్లు తర్వాత ప్రయోగంలో కూర్చోకూడదు. ఒక్కో మాట చెప్పి ‘ఇది వినగానే మొదట తట్టిన మాట?’ అని అడగండి. ఆలోచించనివ్వకండి. ‘మీగడ’ అనగానే ఎంతమంది ‘పాలు’ అన్నారు, ‘కాఫీ’ అనగానే ఎంతమంది అన్నారు, గీతలు గీసుకుంటూ పోండి. ఎక్కువ గీతలు పడ్డ పన్నెండు మాటలే మీ జాబితా. చదివేటప్పుడు ఎక్కువ గీతలవి ముందు, తక్కువవి తర్వాత రావాలి.

అన్ని ఎరలూ ఒకే బలంతో పనిచేయవు. ఇంగ్లిష్ జాబితాల్ని 1999లో వరసపెట్టి కొలిచినప్పుడు ‘కిటికీ’కి సంబంధించినది 60 శాతం దాటింది, ‘రాజు’కు సంబంధించినది పది శాతం దగ్గరే ఆగిపోయింది. మీ జాబితాల్లో ఒకటి పేలకపోతే టెన్షన్ పడకండి. అందుకే కనీసం మూడు నాలుగు ఎరలు సిద్ధం చేసుకోవాలి. ‘నిద్ర’ తేలిగ్గా కుదిరే ఎర: మంచం, దిండు, గురక, కునుకు, ఆవలింత, కల, జోల, దుప్పటి, పరుపు, అలసట, దోమతెర, మెలకువ.

శబ్దం జాబితా: తెలుగుకు ఉన్న చిక్కులు

అర్థంతో పని లేకుండా శబ్దం పోలికతోనే ఎరను లాగొచ్చు. సోమర్స్, లూయిస్ 1999లో ఇంగ్లిష్‌లో ఇది చూపించారు. ఎరలో ఒక్క ధ్వని మారిస్తే వచ్చే మాటల్ని వరసగా వినిపిస్తే, ఎర కూడా విన్నట్టే అనిపిస్తుంది.

తెలుగులో ధ్వనికి బదులు ఒక్క అక్షరం మారుద్దాం. ‘పాలు’కు ఇలా చేయబోతే మొదట నోటికొచ్చేవి కాలు, చాలు, వేలు, నూలు. అన్నీ ‘లు’తో ముగిసేవే. మన భాషలో బహువచనాలు చాలావరకు ‘లు’తోనే ముగుస్తాయి కాబట్టి ఆ పోలిక చెవికి పెద్దగా ఆనదు. ఎర చుట్టూ వల బిగియాలంటే సగం మాటలు చివర కలవాలి, సగం మొదట్లో కలవాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. శబ్దం జాబితాలోకి అర్థం దొంగచాటుగా దూరుతుంది. ‘పాము’ పెట్టారనుకోండి. శబ్దం బాగానే కలిసింది. కానీ నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇళ్లలో పెరిగినవాళ్లకు పాముకీ పాలకీ చుట్టరికం ఉంది. ‘పాప’ పాలు తాగుతుంది. ‘పాడి’ సంగతి చెప్పక్కర్లేదు. ‘పాక’ అంటే పశువుల పాక. ‘పావు’ అంటే పావు లీటరు. ‘పూలు’ అంటే పూజకు పాలూ పూలూ. వీటిలో ఏది ఉన్నా, ఎరను లాగింది శబ్దమో అర్థమో చెప్పలేరు. అన్నీ ఏరేశాక మిగిలిన జాబితా ఇలా ఉంటుంది:

కాలు, పాట, చాలు, పాదు, వాలు, పాత, మేలు, పార, నూలు, పాచి, వేలు, పాగా.

మీ ఎరకు మీరు జాబితా కట్టేటప్పుడు ఈ ఏరివేత మీ ఒక్కరి బుర్రతో జరగదు. మీ వీధిలో పెద్దావిడకు ఒకసారి చదివి వినిపించి, ‘వీటిలో పాలకు సంబంధం ఉన్నది ఏదైనా ఉందా పిన్నిగారూ?’ అని అడగండి. మీకు తట్టనిది ఆవిడకు తడుతుంది.

రెండూ కలిపితే

వాట్సన్, బాలోటా, రోడిగర్ 2003లో అర్థం మాటల్నీ శబ్దం మాటల్నీ ఒకే జాబితాలో కలగలిపి చూశారు. ఎర పడిన తీరు రెండింటి సగటులా లేదు. విడివిడిగా అవి లాగే బలాల్ని బట్టి ఎంత రావాలో అంతకంటే ఎక్కువ వచ్చింది. రెండు వేర్వేరు దారుల నుంచి ఒకే మాట మీద వెలుగు పడితే, ఆ మాట నిజంగా విన్నదేననిపించడం ఎక్కువవుతుందని వాళ్ల వివరణ. నా లెక్కలో ఈ ప్రయోగమంతటిలో చూడదగ్గది ఇదే. క్లాసులో ఒక్క పీరియడే ఉంటే మిగతావి తగ్గించి దీన్నే చేయండి.

కలగలుపు జాబితా: మీగడ, కాలు, గేదె, పాట, జున్ను, చాలు, పెరుగు, పాదు, తోడు, వేలు, వెన్న, పాత.

మూడు జాబితాల ఎరా ఒకటే కాబట్టి ఒకే మనిషికి మూడూ వినిపించకూడదు. జనాన్ని మూడు జట్లు చేయండి. ఒక జట్టుకు అర్థం, ఒక జట్టుకు శబ్దం, ఒక జట్టుకు కలగలుపు. చీటీలు తీయించి పంచండి. ముందు బెంచీల వాళ్లంతా ఒక జట్టు, వెనక బెంచీల వాళ్లంతా ఇంకో జట్టు అయితే ఫలితం ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. జట్టుకు పదిమంది ఉంటే తేడా కంటికి ఆనుతుంది, అయినా దాన్ని రుజువు అనకండి.

చదివే రోజు

ఏమని చెప్పి కూర్చోబెట్టాలి? ‘జ్ఞాపకశక్తి మీద చిన్న పని, మాటలు చదువుతాను, తర్వాత రాయాలి’ అంటే చాలు. అబద్ధం చెప్పనక్కర్లేదు, ఎర సంగతి చెప్పనూ కూడదు.

మాటకూ మాటకూ మధ్య సుమారు రెండు సెకన్లు ఉండాలి. రోడిగర్, మెక్‌డెర్మాట్ ఒకటిన్నర సెకను వాడారు. మనకు పితకడం, కోల్డ్ స్టోరేజి లాంటి పొడుగు మాటలున్నాయి కాబట్టి కాస్త నిదానం మేలు. గొంతు ఎక్కడా పెంచొద్దు, తగ్గించొద్దు. మంచిది ఏమిటంటే ముందే ఫోన్‌లో రికార్డు చేసుకుని అన్ని జట్లకూ అదే వినిపించడం. తర్వాత ‘మీరు చదివారు’ అని ఎవరైనా పట్టుబడితే మళ్లీ వినిపించడానికి కూడా అదే పనికొస్తుంది.

శబ్దం జాబితాకు ఇంకో జాగ్రత్త కావాలి. ఏలూరు రోడ్డు పక్క గదిలో, కిటికీలు తెరిచి, ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే ‘చాలు’ అన్నది ‘పాలు’గా వినపడటంలో వింతేముంది? అది తప్పుడు జ్ఞాపకం కాదు, చెవి తప్పు. ఈ రెంటినీ వేరు చేయాలంటే ప్రతి మాట వినగానే అందరూ దాన్ని పైకి అనాలి. ఎవరైనా ‘పాలు’ అని పలికితే అప్పుడే తెలిసిపోతుంది, ఆ కాగితాన్ని పక్కన పెట్టండి. లేదా మాటల్ని ఒక్కొక్కటిగా తెర మీద చూపిస్తూ చదవండి. అయితే ఈ పద్ధతిని మూడు జట్లకూ ఒకేలా వాడాలి. ఒక జట్టు చదివి, ఇంకో జట్టు విని రాస్తే ఆ తేడా కూడా లెక్కలో కలుస్తుంది.

జాబితా అయిపోగానే రెండు నిమిషాలు టైమివ్వండి. వరస అక్కర్లేదు, గుర్తున్నవి గుర్తున్నట్టు రాయమనండి. ‘ఊహించి రాయొద్దు, విన్నానని నమ్మకం ఉన్నవే రాయండి’ అని గట్టిగా చెప్పండి. ఈ మాట చెప్పకపోతే తర్వాత ‘ఏదో ఊహించి రాశాను’ అని తప్పించుకుంటారు, మీ దగ్గర జవాబుండదు. ఎర ఎక్కువగా కాగితం చివర్లో కనిపిస్తుంది. నిజంగా విన్న మాటలు అయిపోతున్నప్పుడు అది వచ్చి చేరుతుంది.

గుర్తుపట్టే కాగితం

జాబితాలన్నీ అయ్యాక ఓ పది నిమిషాలు వేరే ఏదైనా చేయించండి, ఎక్కాలైనా సరే. తర్వాత అందరికీ ఒకే కాగితం ఇవ్వండి. చదివిన మాటలు కొన్ని, ఎరలు, అసలు సంబంధం లేని మాటలు కొన్ని (తాళం, గొడుగు, సున్నం లాంటివి) కలిపి, వరస తారుమారు చేసి అచ్చు వేయించాలి. ఒక్కో మాట ఎదురుగా ‘విన్నాను’ లేదా ‘వినలేదు’ అని టిక్కు పెట్టాలి.

‘విన్నాను’ అని టిక్కు పెట్టినవాటికి ఇంకో ప్రశ్న ఉంటుంది. ఎండెల్ టల్వింగ్ 1985లో పెట్టిన తేడా ఇది. ఆ మాట చెవిన పడ్డ క్షణం, దాని పక్క మాట, చదివిన గొంతు ఏదైనా మనసుకు వస్తోందా? అలా వస్తే ‘గు’ అని రాయాలి. అవేమీ రావడం లేదు గానీ ఉండే ఉంటుందనిపిస్తోందా? అయితే ‘తె’. గుర్తుంది, తెలుసు అన్న రెంటికీ ఇవి పొట్టి గుర్తులు. 1995 ప్రయోగంలో కలవరపెట్టింది ఇక్కడే. లేని మాటకు కూడా ‘గుర్తుంది’ అన్నవాళ్లే ఎక్కువ.

ఇంకో జట్టు కూడా కావాలి, చిన్నదైనా ఫర్వాలేదు. వీళ్లకు పాల జాబితాలు ఏవీ వినిపించకుండా ‘నిద్ర’, ‘మిరపకాయ’ జాబితాలు మాత్రమే వినిపించి, ఇదే కాగితం ఇవ్వండి. ‘పాలు’ మామూలు మాట కాబట్టి ఊరికే టిక్కు పెట్టేవాళ్లు కొందరుంటారు. ఆ కొందరెంతమందో తెలియకపోతే మీ అంకెకు అర్థం లేదు. ఉదాహరణకు కలగలుపు జట్టులో పదిమందికి ఏడుగురు ‘పాలు విన్నాం’ అని, ఏ పాల జాబితా విననివాళ్లలో పదికి ఇద్దరు అన్నారనుకోండి. మీరు చూడాల్సింది ఏడుకూ రెండుకూ మధ్య ఉన్న తేడా.

పిల్లలతో చేస్తే

చిన్నపిల్లల్లో లెక్క తారుమారవుతుంది. డ్యూహర్స్ట్, రాబిన్సన్ 2004లో ఐదు, ఎనిమిది, పదకొండేళ్ల పిల్లల్ని పరీక్షించారు. ఐదేళ్లవాళ్లు శబ్దం కలిసే లేని మాటల్ని ఎక్కువగా తెచ్చారు. పదకొండేళ్లవాళ్లు అర్థం కలిసేవాటిని ఎక్కువగా తెచ్చారు. యూకేజీ పిల్లకు మీగడ, జున్ను జాబితా చదివి ‘ఏమీ రాలేదే’ అని నిరుత్సాహపడకండి. శబ్దం జాబితా చదవండి. రాయించే బదులు నోటితో చెప్పించి మీరు రాసుకోండి. ఆరు మాటలు చాలు.

మతిమరుపుకు వైద్యం జరుగుతున్న పెద్దవాళ్ల మీద దీన్ని సరదాకైనా చేయకండి. వాళ్లకున్న భయం మీద ఇంకో భయం వేసినట్టవుతుంది. మిగతా అందరికీ చివర్లో అసలు సంగతి చెప్పి, ఎరలో పడటం బుర్ర బాగాలేదనడానికి గుర్తు కాదని చెప్పాలి. అర్థాల్ని కలుపుకుంటూ గుర్తుపెట్టుకునే మామూలు బుర్ర చేసే పనే ఇది.

ఇక్కడ అవధానం గుర్తుకు రావడం సహజం. శబ్దం మోసం చేస్తుందంటే, యతిప్రాసల మీద బతికే అవధాని పద్యాన్ని ధారణలో ఎలా నిలుపుతాడు? పద్యంలో గణాలు, యతి, ప్రాస ఎక్కడికక్కడ కట్టేసి ఉంటాయి, పరాయి మాట దూరబోతే ఛందస్సు తప్పుతుంది. మన జాబితాలో మాటకూ మాటకూ మధ్య అలాంటి కట్టు ఏదీ లేదు. ఇది నా ఊహే గానీ, పద్యం ఒకటి ఇలాగే చదివి ఎక్కడ మాట మారుతుందో చూడాలని తెలుగు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా అనిపిస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది.

దీన్ని ఎంతవరకు వాడొచ్చు

ఆస్తి తగాదాలో ‘మీ నాన్న అలా అనలేదు, నీది తప్పుడు జ్ఞాపకం’ అని బావగారితో అనడానికి ఈ ప్రయోగం పనికిరాదు. పన్నెండు మాటల జాబితాలో పొరపడ్డవాడు జరిగిన సంఘటనలో కూడా పొరపడతాడని దీన్నుంచి తేలదు. ఇది చూపించేది ఒక్కటే: గట్టిగా గుర్తుందనిపించడం, నిజంగా జరిగి ఉండటం వేర్వేరు సంగతులు.

విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఈఏపీసెట్, నీట్ కోసం చదివేవాళ్లకు దీనితో దగ్గరి పని ఉంది. మైటోసిస్, మియోసిస్ చూడండి. రెండూ కణ విభజనే, శబ్దమూ దాదాపు ఒకటే. గ్లూకగాన్, గ్లైకోజెన్ అంతే. ఇవి పుట్టుకతోనే కలగలుపు జాబితాలు. ఆప్షన్లలో కనిపించగానే ‘ఇది చదివినట్టే ఉంది’ అనిపిస్తుంది, గుర్తుపట్టే కాగితంలో ‘తె’ లాగే. ఇలాంటి జంటల్ని విడివిడి చాప్టర్లలో చదివి వదిలేయకుండా ఒకే పేజీలో ఎదురెదురుగా రాసి, తేడా ఎక్కడుందో గీత గీయండి. రివిజన్‌లో పుస్తకం మళ్లీ చూడకుండా ఖాళీ కాగితం మీద రాసి తర్వాత సరిచూసుకోండి. చూసి గుర్తుపట్టడంలో దాక్కునే పొరపాటు అప్పుడు బయటపడుతుంది.

క్లాసులో రెండో రౌండ్‌కు టైముంటే ఒకటి చేయండి. కొత్త ఎరతో కొత్త జాబితా తీసుకుని, ఈసారి ముందే చెప్పేయండి: ‘ఈ మాటలన్నీ ఒక మాట చుట్టూ తిరుగుతాయి, ఆ మాట నేను చదవకపోవచ్చు, జాగ్రత్త.’ ముందే హెచ్చరిస్తే ఎరలో పడేవాళ్లు తగ్గుతారు, అందరూ మాత్రం తప్పించుకోలేరని 1990ల చివర్లో జరిగిన ప్రయోగాల్లో తేలింది. హెచ్చరిక జాబితా చదవక ముందే ఇవ్వాలి. చదివేశాక, రాయబోయే ముందు చెబితే పెద్దగా లాభం ఉండదు. రెండు పూటలా చేసి పోల్చుకోవాలంటే మాత్రం రెండో పూటకు కొత్త మనుషులు కావాలి, ఎందుకంటే ఒకసారి ఎర సంగతి తెలిసినవాళ్లు తర్వాత ప్రతి జాబితాలోనూ దాన్నే వెతుకుతూ కూర్చుంటారు.